ఆలస్యంగా వచ్చిన పావురం

మూడో ఏట జ్వరం వచ్చి కాళ్ళు పడిపోయిన దగ్గరనుంచి నన్ను చాలామంది ఎత్తుకున్నారు. అమ్మ, నాయన, బస్సు కండక్టర్లు, ప్రార్థన మందిరం మెట్ల దగ్గర ఎవరుంటే వాళ్ళు. ఒక్కొక్కరి చేతుల వాసన ఇప్పటికీ గుర్తుంది. ఒకరివి పొగాకు, ఒకరివి సున్నం, ఒకరివి గేదె పాలు. ఆ చేతులను దీవించమని రోజూ ప్రార్థనలో అడుగుతాను. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం ఎవరూ ఎత్తకుండా నేను దాటిన ఒక దూరం గురించి. పెద్ద దూరమేమీ కాదు. ఆత్మకూరులో ఒక బడి స్టేజీ, ఈ చివరనుంచి ఆ చివరకు.

మాది ఉదయగిరి. నాయన టైలరు. ఇంటి ముందు గదే షాపు. నేను బడికి పోలేను గనక అక్షరాలు ఇంట్లోనే నేర్పాడు. గుడ్డ మీద గీతలు గీసే సుద్దతో నల్ల కోటు గుడ్డ ముక్క మీద దిద్దించాడు. అవి వచ్చాక, తను మెషిను తొక్కుతూ నాచేత బైబిలు వాక్యం చదివించేవాడు. తప్పు చదివితే ఒక్క మాట అనడు, తొక్కడం ఆపుతాడు. మెషిను ఆగిందంటే వెనక్కు పోయి మళ్ళీ చదవాలి. అట్లా చదివీ చదివీ, ఇరవై దాటేసరికి ఏ కాగితం ఇచ్చినా గడగడా చదివేదాన్ని.

ఆ చదువు విని నన్ను నాటకంలోకి తీసుకుపోయింది అయ్యోరు. తొంభైల మధ్యలో సంగతి. ఒకప్పుడు కలిగిరి దాకా ఊరూరా పద్యనాటకాల్లో రాజు వేషం కట్టిన మనిషి. గొంతు పోయాక హార్మోనియం ఒక్కటే మిగిలింది. జుబ్బా కుట్టించుకోవడానికి వచ్చి, నేను చదువుతుంటే వాకిట్లోనే నిలబడిపోయాడు. తనొక నాటకం మేళం కడుతున్నానని, వెనకనుంచి మాట అందించే మనిషి కావాలని నాయనను అడిగాడు. ఎందుకంటే ఆయనకు మతిమరుపు.

ఆ మేళంలో అప్పటికి ఇద్దరే ఉన్నారు. రాజు వేషం చెక్క గరిటెలు చెక్కే భాయ్‌ది. ఆయనకు వినపడదు, మాట రాదు, కానీ చేతులతో ఆయన చెప్పలేనిది లేదు. ఆయన చేతులాడిస్తే అయ్యోరు హార్మోనియం దగ్గరనుంచి మాట పలుకుతాడు. రాణి వేషం అనంతసాగరం వైపునుంచి వచ్చిన అక్కది. పుట్టుకతోనే చూపు లేదు. గొంతు ఎత్తితే ఎద్దులు కూడా మేత మానేసి వినేవి. మాలో కళ్ళూ కాళ్ళూ చెవులూ అన్నీ సరిగ్గా ఉన్నది అయ్యోరికే. మతిమరుపు చూసి పాపమని ఆయన్ను మనలో కలుపుకున్నామని అక్క ఎకసెక్కాలాడేది.

ఆడేది ఒక పాత ఏడుపు నాటకం. మా పక్క పల్లెల్లో ముసలివాళ్ళందరికీ తెలిసిన కథే. రాజు యుద్ధానికి పోతూ పంజరంలో ఒక పావురాన్ని వెంట తీసుకుపోతాడు. తను చనిపోతే ఈ పావురం ఒంటరిగా ఇల్లు చేరుతుందని రాణికి చెబుతాడు. యుద్ధం గెలుస్తాడు. తిరిగి వచ్చేటప్పుడు వాగు దగ్గర నీళ్ళు తాగడానికి పంజరం దించితే గడియ ఊడి పావురం ఎగిరిపోతుంది. గుర్రాన్ని ఎంత తోలినా రెక్కలున్నదే ముందు చేరుతుంది. దాన్ని చూసి రాణి అగ్గిలో దూకుతుంది. రాజు వచ్చేసరికి బూడిద. ఆ బూడిద ముందు ఆయన పద్యం అందుకుంటే జనం ఏడ్చి, ఏడుస్తూనే వన్స్ మోర్ అని అరిచేవాళ్ళట. అప్పుడు బూడిదైన రాణి లేచి కాస్త పక్కకు జరిగి కూర్చుంటే, రాజు మళ్ళీ మొదటినుంచి ఏడ్చేవాడట. నాటకం బాగుందని మా వైపు చెప్పే పద్ధతి అదే. ఆఖరిసారి తనకు వన్స్ మోర్ పడి ఇరవై ఏళ్ళు దాటిందని అయ్యోరు చెప్పేవాడు. మతిమరుపు మనిషికి ఆ ఒక్క లెక్క మాత్రం తప్పేది కాదు.

భాయ్ కొట్టంలో, చెక్క పొట్టు మధ్య రిహార్సలు చేసుకునేవాళ్ళం. పావురమంటే దారానికి కట్టిన అట్టముక్క. ఒకరోజు అక్కకు పద్యం తప్పింది. నోటుబుక్కు నా దగ్గరుంది. నేను చేతులకు హవాయి చెప్పులు తొడుక్కుని, ఒక్కో చెయ్యి ముందుకు వేసి ఒంటిని లాక్కుంటూ వస్తాను. కొట్టం ఆ చివరనుంచి ఈ చివరకు వచ్చేసరికి అక్క రెండుసార్లు ఆవులించింది. ఆ చెప్పుల చప్పుడు వింటూ వింటూ ఉన్నట్టుండి నవ్వింది.

“అయ్యోరా, పావురం ఈ పిల్ల మాదిరిగా వస్తే నేను చచ్చే పనే లేదు గదా. రాజు వచ్చి అన్నం తిని చెయ్యి కడుక్కునే పాటికి వస్తాది.”

అయ్యోరు హార్మోనియం ఆపేశాడు. అక్క అన్న మాట భాయ్‌కి చేతులతో చెప్పాను. భాయ్ కాసేపు నన్నూ నా చెప్పులనూ చూసి, లేచిపోయి ఎర్ర రంగు డబ్బా తెచ్చి, అడక్కుండానే నా చేతి చెప్పులు రెండూ తీసుకుని రంగు వేయడం మొదలుపెట్టాడు. పావురం కాళ్ళు ఎర్రగా ఉంటాయి గదా.

అట్లా నేను రాజు తర్వాత చేరే పావురాన్నయ్యాను, ఏడుపు నాటకం నవ్వు నాటకమైంది. నాయన తన తెల్ల పంచె ఒకటి కత్తిరించి, గంజి పెట్టి రెక్కలు కుట్టాడు. అమ్మకు మాత్రం మింగుడుపడలేదు. అంతమంది ముందర పాకుతావా అంది. ఇంట్లో పాకితే లేని సిగ్గు బయట పాకితే ఎందుకని అడిగాను. బైబిల్లో జలప్రళయమప్పుడు ఓడలోనుంచి పోయి ఆకు ముక్కతో తిరిగొచ్చింది కూడా పావురమేనని చెప్పాను. అది ఎగిరింది అంది అమ్మ. 

మొదటి ఆట ఉదయగిరిలోనే. చీకటి పడితే భాయ్ చేతులు ఎవరికీ కనపడవు గనక ఎండ తగ్గగానే మొదలుపెట్టాం. బల్లలు నాలుగు కలిపి వేశారు. ముందు వరసలో మా మందిరం పెద్ద కూర్చున్నాడు. నేను పెద్దయ్యా అని పిలిచేదాన్ని. నాకు జ్వరం వచ్చిన రాత్రి ఎద్దుల బండి కట్టి ఆస్పత్రికి తోలింది ఆయనే. ప్రతి ఆదివారం మెట్ల దగ్గర నన్ను ఎత్తుకునేదీ ఎక్కువగా ఆయనే. నాటకాలు చూసే మనిషి కాదు. నా కోసం వచ్చాడు.

రాజు పంజరం దించాడు, గడియ ఊడింది, నేను బయలుదేరాను. ఒక బల్ల దాటాను. జనం నవ్వుతారనుకున్నాం. నవ్వలేదు. అయ్యో, అయ్యో తల్లీ అని వినపడుతోంది. ముందు వరసలో ఆడవాళ్ళు కొంగులు కళ్ళకు అద్దుకుంటున్నారు. రాణి కోసం కాదు, నా కోసం. రెండో బల్ల మీద ఉండగా పొగాకు వాసన వచ్చింది. తలెత్తేలోపు పెద్దయ్య బల్ల ఎక్కి నన్ను రెండు చేతులా ఎత్తి, పసిబిడ్డను పట్టుకుపోయినట్టు పట్టుకుపోయి రాణి పక్కన దించాడు. రెక్క ఒకటి ఆయన జుబ్బా గుండీకి తగులుకుని పర్రున చిరిగింది. జనం చప్పట్లు కొట్టారు. ఆటలో మొదటి చప్పట్లు అవే, అవీ ఆయనకు.

రాజు ఇంకా వాగు దగ్గరే ఉన్నాడు. పావురం వచ్చేసింది. కథ ప్రకారం రాణి చావాలి. అక్క చెయ్యి చాపి నన్ను తడిమి, ఎవరు దించినారు నిన్ను అని గుసగుసగా అడిగింది.  అయ్యోరికి ఏ పద్యం అందుకోవాలో గుర్తుకు రాలేదు, అందించాల్సిన దాన్ని నేనే, నేనేమో వేషంలో బల్ల మీద ఉన్నాను. చివరికి అడ్డంగా దుప్పటి పట్టేశారు.

పెద్దయ్య ఆ సాయంత్రం ఇంటికి వచ్చాడు. చూడలేకపోయినానమ్మా అన్నాడు. ఆయన కళ్ళు నిజంగానే తడిగా ఉన్నాయి. నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. ఆమేన్ అన్నాను. ఆ మనిషిని ఏమనగలను. బతికున్నానంటే ఆయన బండి తోలబట్టే.

వారం తిరక్కుండా ఆత్మకూరులో ఒక బడివాళ్ళు వార్షికోత్సవానికి రమ్మని కబురు పంపారు. ఆ కబురుకు సంతోషించే లోపలే, భాయ్ చెక్కతో చక్రాల పావురం చేస్తానని చేతులతో చెప్పాడు. అయ్యోరు తల ఊపాడు. ఇది నీకు అవమానం కాదు తల్లీ, మళ్ళా ఎవరో ఒకరు ఎక్కి ఎత్తుకుంటారు, ఆట పోతాది అన్నాడు. ఆయన అన్నది న్యాయమే. నాకు రెండు రోజులు గడువియ్యండి అన్నాను. కోపంతో కాదు. కొట్టంలో ఇన్నాళ్ళూ నా నడక చూసి నలుగురం నవ్వుకున్నాం. అది అయ్యో అనిపించని నవ్వు. అట్లాంటిది పుట్టి బుద్ధెరిగాక నాకు మొదటిసారి దొరికింది. దాన్ని చెక్కబొమ్మకు ఇచ్చేయడానికి మనసు ఒప్పలేదు.

ఇంటికి వచ్చేసరికి నాయన చిరిగిన రెక్కను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. సంగతి ముందే విన్నాడేమో.

“మళ్ళా కుట్టాల్నా, పక్కన పెట్టాల్నా?”

“కుట్టు నాయనా.”

నాయన సూదిలో దారం ఎక్కించాడు.

నేను మెషిను కింద, చిన్నప్పుడు కూర్చున్న చోటే కూర్చుని ఆలోచించాను. పెద్దయ్య చెడ్డవాడు కాడు. నన్ను ఎత్తితే ఏదో పోతుందని ఆయనకు తెలియదు. నా ముఖం చూసి తెలుసుకోమంటే ఎట్లా తెలుస్తుంది? ఎత్తొద్దు అంటే మంచివాళ్ళు ఆగరు. ఆగడమే వాళ్ళు చేయాల్సిన మేలు అని చెబితే ఆగుతారేమో. పాత నాటకంలో పావురానికి మాటల్లేవు. నేను నాలుగు మాటలు రాసుకున్నాను. నాయనకు చదివి వినిపించాను. మెషిను ఆగలేదు.

ఆత్మకూరు పోయే రోజు పెద్దయ్య బస్టాండుకు వచ్చాడు, ఇస్త్రీ జుబ్బాతో.

“నేనూ వస్తాలేమ్మా. ఎత్తే దానికి మనిషి ఉండాల గదా.”

అయ్యోరు నా వైపు చూశాడు. నేను సరే పెద్దయ్యా అన్నాను. బస్సులోకి ఆయనే ఎత్తి కూర్చోబెట్టాడు. దారి పొడుగునా కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాను. నా కాళ్ళు కదిలించమని అడగడం నేను ఎప్పుడో మానేశాను. ఆ రోజు పెద్దయ్య కాళ్ళు కదలకుండా చూడమని అడిగాను.

నేను జన్మలో లోపలికి పోయిన మొదటి బడి అదే. గోడ మీద ఎక్కాలు రాసి ఉన్నాయి. గేటు దగ్గరే నన్ను కాసేపు ఆపమని, అన్నీ చదువుకున్నాను. స్టేజీ సిమెంటుది. ఉదయగిరి బల్లలకు రెండింతల పొడుగు, పైన గరుకు, పగలంతా ఎండకు కాగి ఉంది. భాయ్ అరచేత్తో తడిమి చూసి, వద్దన్నట్టు తల ఊపాడు. తన సంచిలోనుంచి చక్రాల పావురం తీసి చూపించాడు. చేసే తెచ్చాడు, ముచ్చటగా ఉంది. నేను దాని ముక్కు నిమిరి మళ్ళీ సంచిలో పెట్టేశాను.

ఆట మొదలైంది. గడియ ఊడింది. నేను స్టేజీ చివర కూర్చుని, రెక్కలు సర్దుకుని, బయలుదేరకుండా జనం వైపు తిరిగాను. పిల్లలు నేల మీద, పెద్దలు వెనక కుర్చీల్లో, పెద్దయ్య మాత్రం వరస చివరి కుర్చీలో, ఎప్పుడు లేద్దామా అన్నట్టు అంచున కూర్చుని ఉన్నాడు.

“అయ్యల్లారా, అమ్మల్లారా, నేను పావురాన్ని. నాకు ఎగరడం రాదు, ఇట్లానే వస్తాను. జాలిపడి ఎవరన్నా నన్ను ఎత్తి ఆ పక్కన పెట్టినారంటే రాజు కంటే ముందు చేరతాను. ఆ మహాతల్లి అగ్గిలో దూకతాది. ఆమె ప్రాణం మీ చేతుల్లో ఉండాది. అందరూ చేతులు కట్టుకోండి.”

బడి మొత్తం చేతులు కట్టుకుంది. పిల్లలకు అది అలవాటైన మాట, చెప్పగానే కట్టేసుకున్నారు. పంతుళ్ళు నవ్వుకుంటూ కట్టుకున్నారు. పెద్దయ్య అటూ ఇటూ చూసి, చివరికి ఆయనా కట్టుకున్నాడు.

బయలుదేరాను. ఎర్ర చెప్పులు సిమెంటు మీద టపటపమంటున్నాయి. అవతలి చివర అక్క, అగ్గి మంటగా ఎర్ర గుడ్డ పట్టుకుని చెలికత్తెలైన ఇద్దరు బడిపిల్లల పక్కన నిలబడి, ఆకాశం వైపు ముఖం పెట్టి, ఏమ్మా, పావురం కనబడతా ఉండాదా అని జనాన్ని అడిగింది. ఇంకా రాలా అని పిల్లలందరూ ఒక్కసారిగా అరిచారు. అప్పుడు వచ్చింది నవ్వు. నేను రెండు చేతులు ముందుకు వేయడం, ఆగి రెక్కతో ముఖం విసురుకోవడం, అక్క మళ్ళీ అడగడం, వాళ్ళు ఇంకా రాలా అనడం. కొట్టంలో మేము నవ్వుకున్న నవ్వే, కాకపోతే బడంత పెద్దది.

సగం దూరంలో కుడిచేతి చెప్పు పట్టీ ఊడిపోయింది. అరచెయ్యి సిమెంటుకు తగిలి చురుక్కుమంది. ఆగిపోయాను. ఇది ఆట కాదని జనానికి తెలిసిపోయింది, నవ్వు ఆగింది. పెద్దయ్య పక్క కుర్చీలో లావుపాటాయన ఒకరు, సంగం ఊరినుంచి మనవరాలి పాట వినడానికి వచ్చిన ఆయనట, లేచి స్టేజీ వైపు రెండడుగులు వేశారు. పెద్దయ్య కూడా లేచాడు. 

పెద్దయ్య వచ్చి ఆయన తువ్వాలు పట్టుకుని వెనక్కు లాగాడు.

“కూచోవయ్యా. ఎత్తబాక. రాణి చస్తాది.”

“చెయ్యి కాలతా ఉండాదయ్యా ఆ బిడ్డకు.”

“నాకు తెలీదా? మూడేళ్ళప్పటినుంచి ఎత్తతా ఉండాను. కూచో.”

 పెద్దయ్య కూర్చున్నాడు, అవతలాయన్నీ కూర్చోబెట్టాడు. ఇద్దరూ మళ్ళీ చేతులు కట్టుకున్నారు.

నా చుట్టూ ఎవరూ లేరు. అంతమంది చూస్తుండగా ఒక్క చెయ్యీ రాకపోవడం నాకు అదే మొదలు. భయం వేసిందని చెప్పకపోతే అబద్ధమవుతుంది. తండ్రీ అనుకున్నాను. చెప్పును ఒళ్ళో పెట్టుకుని, పట్టీ ముడిని పళ్ళతో పట్టి లాగి బెజ్జంలోకి దూర్చాను. రంగు రుచి నాలుక మీద చాలాసేపు ఉంది. తొడుక్కుని మళ్ళీ చెయ్యి వేశాను. టప్ మన్న ఆ ఒక్క చప్పుడుకు పిల్లలు ఈలలు వేశారు.

ఈలోగా భాయ్ నడుముకు అట్ట గుర్రం కట్టుకుని స్టేజీ చుట్టూ పరుగెత్తి నన్ను దాటిపోయాడు. పోతూ పోతూ రాజు పావురానికి దణ్ణం పెట్టాడు. అది రిహార్సల్లో లేదు. రాణి ఆయన చేతులు తడిమి గుర్తుపట్టింది. ఎర్ర గుడ్డ పక్కకు పోయింది. ఇద్దరూ ఆకు ముందు కూర్చుని అన్నం తింటుండగా నేను చేరాను.

“ఇంత ఆలస్యమా?” అంది రాణి.

“తొందరగా వచ్చిన పావురం ఏం చేసిందో మీ అవ్వల్ని అడగండి,” అన్నాను.

ఆ మాట అంటున్నప్పుడే నాకు ఊపిరి అందడం లేదు. చప్పట్ల మధ్యలో వెనక కుర్చీల్లోనుంచి ఒక ముసలి గొంతు వన్స్ మోర్ అంది. పాత నాటకాలు చూసిన మనిషే అయ్యుండాలి. ఆ వెంటనే ఇంకొకరు, తర్వాత అర్థం తెలియని పిల్లలంతా.

పెద్దయ్యకు ఆ పద్ధతి తెలియదు. లేచి వెనక్కు తిరిగి, ఆ బిడ్డ మళ్ళా రావాల్నా, చేతులు చూసినారా అని వాళ్ళ మీదికి పోయాడు. నేను అయ్యోరి వైపు చూశాను. హార్మోనియం మీద వేళ్ళు అట్లాగే ఆగిపోయి ఉన్నాయి. వద్దులేమ్మా అని తల ఊపుతున్నాడు గానీ ఆయన ముఖం ఆ మాట అనడం లేదు. ఆ ముఖం చూశాక నా అరచేతుల సంగతి చిన్నదైపోయింది.

అన్నం తింటున్న భాయ్‌కి, వెనక్కు పోవాలి, మళ్ళీ యుద్ధం అని చేతులతో చెప్పాను. ఆయన బిత్తరపోయి, ముద్ద నోట్లో పెట్టుకునే గుర్రాన్ని సర్దుకున్నాడు. అక్క ఎర్ర గుడ్డ మళ్ళీ పట్టమంది. నేను మొదలుపెట్టిన చోటికి తిరిగిపోయాను, అదీ నా చేతుల మీదే. నేను ఆ చివర చేరేదాకా అయ్యోరు హార్మోనియం వాయిస్తూనే ఉన్నాడు. అక్కడ కూర్చుని తిరిగి చూస్తే, ఎవరూ చెప్పకుండానే అందరూ చేతులు కట్టుకుని ఉన్నారు. మళ్ళీ దాటాను. ఈసారి రెక్కతో విసురుకోవడం ఆటకు కాదు, నిజంగానే.

ఆట అయ్యాక భాయ్ నా చేతులకు కొబ్బరినూనె రాశాడు. అయ్యోరు హార్మోనియం పెట్టె మూసి, మూసిన పెట్టె మీద తల ఆనించుకుని కూర్చున్నాడు. మందిరంలో ఏమేమి చెప్పుకుని స్తోత్రం చేస్తారో అవన్నీ ఆ సాయంత్రం నేను ఆ బడి మెట్ల మీద కూర్చుని ఒక్కొక్కటే చెప్పుకున్నాను. ఊడిన పట్టీకి కూడా స్తోత్రమే.

తిరుగు బస్సు వచ్చింది. మెట్లు ఎత్తు. పెద్దయ్య అలవాటుగా నా దగ్గరకు వచ్చి, చేతులు చాచి, చాచిన చేతులతోనే ఆగిపోయాడు.

“ఎత్తుకోమంటావా అమ్మా?”

అన్నేళ్ళలో ఆయన ఆ మాట అడగడం అదే మొదటిసారి. కండక్టరు విజిలు వేస్తున్నాడు. అయినా పెద్దయ్య అట్లాగే నిలబడి ఉన్నాడు, నేను చెప్పేదాకా.

“ఎత్తుకోండి పెద్దయ్యా,” అన్నాను.